కారణం రాయవలసిన గడి

“నీకొచ్చే కొత్త లాప్‌టాప్ నేను తీసుకుంటాలే, నాది నువ్వు వాడుకో. నీ పనికి అది చాలదూ?” అన్నాడు మా ఆయన, నేను బాల్కనీలో ఆయన చొక్కాలు దులిపి తీగ మీద ఆరేస్తుంటే. అడగడం కాదు, చెప్పడం. నా పళ్ళ మధ్య రెండు క్లిప్పులున్నాయి. నేను నోరు తెరవలేని సమయం చూసుకుని నిర్ణయాలు చెప్పేయడం ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే అబ్బిన విద్య. క్లిప్పులు తీసి “అది ఆఫీసు వాళ్ళు నా పనికోసం ఇస్తున్నదండీ” అనేసరికి ఆయన బాత్రూములో ఉన్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

మాది చిన్న ఆఫీసు. ఊళ్ళ కింద పాతిపెట్టిన నీళ్ళ పైపులు, మురుగు పైపులు, కరెంటు తీగలు ఎక్కడ ఎంత లోతులో ఉన్నాయో తెర మీద బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్ చేస్తాం. బొమ్మను అటూ ఇటూ తిప్పి, రోడ్డు తవ్వకముందే లోపలేముందో చూసుకోవచ్చు. ఇన్నాళ్ళూ ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకుని, కొన్నిరోజులు ఆఫీసులో, కొన్నిరోజులు ఇంటినుంచి పనిచేశాం. ఈ వారం మొదటిసారిగా, ఎవరికేది కావాలో మీరే ఎంచుకోండి, శుక్రవారం సాయంత్రంలోగా ఫారం నింపి పంపండి అని మెయిల్ వచ్చింది. ఫారంలో రెండే గడులు. ఒకటి మోడల్, రెండోది కారణం. షరతు ఒక్కటే, అది లైనక్స్‌తో చక్కగా నడవాలి. ఎవరైనా విప్పి చూసి, బాగుచేసి, పదిమందికీ పంచగలిగిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. మా పనంతా దానిమీదే.

పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను కొత్త లాప్‌టాప్ మూత తెరిచిన పాపాన పోలేదు. ఆయన కొత్తది కొనుక్కోవడం, పాతది “బంగారంలా పనిచేస్తుంది, ఉంచుకో” అంటూ నా ఒళ్ళో పెట్టడం. ఇప్పుడున్నది మూడోది. దానికి నేను పెట్టుకున్న పేరు ముసలాయన. మూత ఒకపక్క విరిగిపోయింది, గోడకు ఆనించకపోతే వెనక్కి పడిపోతుంది. కాబట్టి ఇంట్లో నేను గోడ ఉన్నచోటే పనిచేయగలను. గోడ ఉన్నచోటంటే భోజనాల బల్ల చివర. రోజుకు మూడుసార్లు ముసలాయన్ని ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టి, కంచాలు పెట్టి, కంచాలు తీసి, బల్ల తుడిచి, మళ్ళీ దింపుకుంటాను. ఆయనకు గది ఉంది, తలుపుంది, తలుపుకు లోపలి గడియ ఉంది. మా అత్తగారు హాల్లో కుర్చీలో కూర్చుని పాత దుప్పట్లకు అంచులు కుడుతూ, “ఎంతసేపూ ఆ డబ్బా ముందేనా అమ్మాయ్, కళ్ళు పోతాయ్” అంటుంది. మూసిన తలుపు వెనక కూర్చున్న కొడుకు కళ్ళ గురించి ఆవిడకు బెంగ లేదు.

స్నానం చేసొచ్చి టిఫిన్‌కి కూర్చుని ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. “మోడల్ నేను చెప్తాలే. నల్లగా, వెనకాల లైట్లు మెరుస్తా ఉంటాయి చూడు, అది రాసెయ్.” నాకు నవ్వొచ్చింది. ఆయన చెప్పిన దాంట్లో బొమ్మలు గీసే చిప్, అదే గ్రాఫిక్స్ చిప్, తన గుట్టు ఎవరికీ విప్పని కంపెనీది. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ చిప్‌కీ మధ్య దుబాసీలాగా మాటలు చేరవేసే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. చిప్ చేసినవాళ్ళు గుట్టు విప్పకపోతే ఆ దుబాసీకి సగం మాటలు అర్థం కావు. మూత వేసి తీస్తే తెర నల్లగా ఉండిపోతుంది. రెండో తెర తగిలిస్తే మొదటిది వణుకుతుంది. ఇదంతా చెప్పబోయాను. “గ్రాఫిక్సా? నీకెందుకే? గేములాడతావా ఏంటి?” అని గట్టిగా నవ్వాడు. ఆయనా సాఫ్ట్‌వేరే, కాకపోతే డేటాబేసుల పని. గ్రాఫిక్స్ గడప ఎప్పుడూ తొక్కలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

లాప్‌టాప్ ఎంచుకోవడంలో నా పద్ధతి వేరు. డబ్బా మీద రాసినవి, దుకాణంవాడు చెప్పేవి వినను. ఇలాంటి చిప్‌ల డ్రైవర్లను అందరూ కలిసి బాగుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఏ రోజు ఏం మార్చారో ఎవరైనా చూడగలిగే జాబితా ఉంటుంది. అది తెరుస్తాను. ఏ చిప్ గురించి మనుషులు తిట్టుకుంటూనైనా రోజూ పనిచేస్తున్నారో అది కొనొచ్చు. నెలల తరబడి ఎవరూ ముట్టుకోనిదైతే ఆమడ దూరం. ఆయన ఆఫీసుకీ, పిల్ల బడికీ వెళ్ళాక, గిన్నెలు కడిగి, బల్ల తుడిచి, ముసలాయన్ని గోడకు చేరవేసి ఆ జాబితా తెరిచాను. చదువుతూ పోతున్నాను. గుట్టు విప్పి చెప్పిన ఇంకో కంపెనీ చిప్‌కి, మూత తీస్తే తెర నల్లబడే జబ్బు నయమైందని కనిపించింది. ఎలా నయం చేశారో చూద్దామని లోపలికి వెళ్తే అక్కడ ఒక వాక్యం: నిద్రలేవగానే దీన్ని తొందరపెట్టకండి, ఒక్క క్షణం ఆగండి.

అది నా వాక్యం! అచ్చంగా నేను రాసినదే. ఆ జబ్బు మా ఆఫీసులో అందరి మిషన్లనూ పీడిస్తుంటే మూడు వారాలు కుస్తీ పట్టి, కందిపోయిన కళ్ళతో నేను చేసిన మార్పు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, డ్రైవర్‌లో నేను సరిచేసినవన్నీ ఆఫీసు సర్వరులో పెడతాను, నెలకోసారి మేనేజరు వాటిని మూటగట్టి ఆ ప్రాజెక్టుకు పంపిస్తాడు. ఆ తర్వాత వాటి గతేమిటో నేనెప్పుడూ చూడలేదు, చూసే తీరికా లేదు. అంటే తీసుకున్నారన్నమాట! నాకు ముక్కూ మొహం తెలియని మనుషుల మిషన్లు నా మాట విని నిద్రలేస్తున్నాయన్నమాట! హాల్లో అత్తగారు లేకపోతే ఎగిరి గంతేసేదాన్నే. పక్కన, ‘చేసినవారు’ అన్నచోట చూశాను.

మా ఆయన పేరు. ఇంటిపేరుతో సహా.

కళ్ళు నులుముకున్నాను. పేజీ మళ్ళీ తెరిచాను. కిందికి వెళ్ళాను. రెండో తెర వణికే జబ్బు, నేను నయం చేసింది, మా ఆయన పేరు. రంగులు పాలిపోయే జబ్బు, నేను నయం చేసింది, మా ఆయన పేరు. ఆ పేరుతో వెతికితే మొత్తం నూట పద్నాలుగు వచ్చాయి. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మార్పు చేసిన ప్రతిసారీ దానిమీద ఎవరు చేశారన్న ముద్ర పడుతుంది. ఆ పేరు మిషన్‌లో ఒకసారి పెడితే చాలు, ఇక అదే వేసుకుపోతూ ఉంటుంది. ముసలాయనలో ఆ పేరు పెట్టుకున్నది మా ఆయన. నాకిచ్చేటప్పుడు తన ఫొటోలు తీసుకున్నాడు, పాటలు తీసుకున్నాడు, పేరు మాత్రం వదిలేశాడు. నేను మార్చుకోలేదు. పైగా జాబితా చూసేటప్పుడు ఒక్కో మార్పూ ఒక్కో వరుసలో పొట్టిగా కనిపించేలా పెట్టుకోవడం నా అలవాటు. ఆ పొట్టి జాబితాలో పేరుండదు. అందరికీ డ్రైవర్లు బాగుచేసి పెట్టే మహాతల్లికి మూడేళ్ళుగా తన పేరు ఎక్కడుందో చూసుకోవాలని తోచలేదు. ఛీ, నా బుద్ధి తెల్లారినట్టే ఉంది అని నన్ను నేను తిట్టుకున్నాను. ఇంతకీ తప్పు నాదే కదా, చెప్తే సరిచేస్తారు అనుకుని మేనేజరుకు ఫోన్ చేశాను.

“సార్, ఒక పొరపాటు జరిగిపోయింది. నా మార్పులన్నీ మా ఆయన పేరుతో వెళ్ళాయి” అన్నాను.

“పొరపాటేముంది మేడం, మాకు తెలిసిందేగా” అన్నాడాయన హాయిగా.

“ఏం తెలుసండీ?”

“అదే, మీవారు చేసి పెడుతున్నారని. మొదట్నించీ ఆయన పేరే కదా ఉండేది. మేమేం తప్పుగా అనుకోలేదు మేడం. ఇంట్లో అంత సపోర్ట్ ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?”

ఫోన్ చెవికి పెట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడిపోయాను. మూడేళ్ళు! మూడేళ్ళుగా ఆ ఆఫీసులో నేను మొగుడి చేత హోంవర్క్ చేయించుకొచ్చే పిల్లని. ఏటేటా పనితీరు గురించి మాట్లాడేటప్పుడు “ఇంటి నుంచి మంచి సహకారం ఉంది మీకు” అనేవాళ్ళు, అత్తగారు కూరలు తరిగి పెడుతుందని కాబోలు అనుకుని నేను పళ్ళికిలించి “అవునండీ” అనేదాన్ని. అవునండీ అన్నాను! నా నోటితో నేనే ఒప్పుకున్నాను. గ్రాఫిక్స్ బృందానికి లీడ్ కావాల్సివచ్చినప్పుడు, నా పక్కన కూర్చుని పని నేర్చుకున్నతన్ని లీడ్ చేశారు. “మీరు ఒంటరిగా లాక్కురాగలరో లేదోనని” అని అప్పుడు మేనేజరు నసిగాడు. పిల్లా, ఇల్లూ, అత్తగారూ అనుకుని ఊరుకున్నాను. ఆ ఒంటరిగా అన్న మాటకు అర్థం ఇదా! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా ఏమమ్మా ఇది నువ్వు చేసిందేనా అని అడగలేదు. అడగాల్సినంత అనుమానం కూడా రాలేదు వాళ్ళకి.

“సార్, అవి నేనే చేశాను” అన్నాను చివరికి.

“అదేంటి మేడం, మరి ఆ ప్రాజెక్టువాళ్ళ మెయిల్స్‌కి ఆయనే కదా జవాబులిచ్చేది? నాకూ కాపీ వచ్చేదిగా. ఎంత చక్కగా చెప్పేవారో!” అన్నాడు.

అప్పటిదాకా నాకది పొరపాటు. ఒక మిషన్‌లో మర్చిపోయిన పేరు. ఆ ముద్రలో పేరు పక్కన మెయిల్ అడ్రసు కూడా ఉంటుందని, మెచ్చుకోళ్ళు, ప్రశ్నలు అన్నీ ఆ అడ్రసుకే వెళ్తాయని నాకు అప్పుడు తట్టింది. ఆ మెయిల్స్ అన్నీ నాకు పంపమన్నాను. పదిహేడు వచ్చాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదటి దాంట్లో ప్రాజెక్టు పెద్దాయన, ఇంత ఓపికగా పనిచేసినవాళ్ళను ఈమధ్య చూడలేదు, ధన్యవాదాలు అని రాశాడు. దానికి మా ఆయన జవాబు: నా చిన్న కృషిని గుర్తించినందుకు సంతోషం. నా చిన్న కృషి! ఇంకో దాంట్లో, చిప్‌కు కరెంటు అందకముందే ఎందుకు ఆగాలి అని పెద్దాయన అడిగితే, మా ఆయన ఇలా రాశాడు: ఇది పాలు పొంగకముందే మంట తగ్గించడం లాంటిది, పొంగాక తగ్గించి లాభం లేదు.

మా ఆయన జన్మలో పాలు కాచలేదు.

ఆ మాట నేనన్నది. ఎక్కడన్నానో, ఎప్పుడన్నానో కూడా కళ్ళకు కట్టింది. పొయ్యి దగ్గర ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పిల్ల జడ పట్టుకుని ఉంటే, వంటింటి గుమ్మంలోకి ఫోన్ పట్టుకొచ్చాడు. “మా ఆఫీసులో ఒకడికి డౌటొచ్చిందట, నీకేమన్నా తెలుసా?” అన్నాడు. నా పని గురించి ఆయన నన్ను అడగడం! నేనెంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అర్థం కాలేదేమోనని పాల గిన్నె చూపించి మరీ చెప్పాను. ఫోన్‌లో టకటకా కొట్టుకున్నాడు. ఏదో రాసుకుంటున్నాడు, నా మాట రాసుకుంటున్నాడు అని పొంగిపోయాను. ఇలా ఎన్నిసార్లు! ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆ గుమ్మంలోకి వచ్చాడు. పోయినేడు కొత్త ఉద్యోగం వచ్చినప్పుడు “ఏం చూసి ఇచ్చారండీ?” అని అడిగితే “నా ప్రొఫైల్ చూసి” అన్నాడు. ఆ ప్రొఫైల్ అంటే ఈ నూట పద్నాలుగేనన్నమాట! ఆ రోజు ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కొన్నాడు, నాకు అందరికంటే మంచివి కొన్నాడు.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే మెయిల్స్ తెర మీద పెట్టి చూపించాను. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. తడబడతాడనుకున్నాను, తడబడలేదు. అదే నన్ను అన్నిటికంటే దిమ్మెరపోయేలా చేసింది.

“ఓ, ఇదా! చెప్దామనే అనుకుంటున్నా” అన్నాడు.

“ఎప్పుడు? మూడేళ్ళయింది.”

“నువ్వు ఊరికే పెద్దది చేస్తున్నావు. పేరు పెట్టింది నేనా? నీ మిషన్‌లో నువ్వే చూసుకోలేదు. మెయిలొస్తే జవాబివ్వకపోతే బాగోదని ఇచ్చాను. అయినా ఎవరి పేరుంటే ఏంటే, నువ్వూ నేనూ వేరా?”

“అయితే రేపట్నించి మీ ఆఫీసు పనంతా నా పేరుతో పంపండి.”

నవ్వాడు. నేను నవ్వలేదు. నవ్వు మధ్యలో ఆపి, “నీ పేరుంటే ఆ పెద్దమనుషులు అంత సీరియస్‌గా తీసుకునేవాళ్ళా? ఒకరకంగా నీకు మంచే జరిగింది” అన్నాడు. నిజంగా నమ్మి అన్నాడు. ఆ మొహంలో దొంగతనం లేదు, దయ ఉంది. నాకు చేసిన మేలు నేను గుర్తించనందుకు నొచ్చుకుంటున్న మొహం అది. పదకొండేళ్ళుగా ఈ మొహానికి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నానా అనిపించింది.

మా అత్తగారు కుట్టు ఆపి వింటోంది. “ఏమైందమ్మాయ్?” అంది. నేను రెండు ముక్కల్లో చెప్పాను, నా పనంతా ఆయన పేరున చెల్లిపోయిందని. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా, “మీ మామగారి దర్జీ కొట్టులో బట్టలన్నీ నేను కుట్టినవే. ఆయన కొలతలు తీసుకునేవాడు, అంతే. బోర్డు మీద ఆయన పేరు. ఆయన చేతిలో పనితనం ఉందని ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళు. మేమేమన్నా గొడవపడ్డామా?” అంది. మా ఆయన “విన్నావా” అన్నట్టు నా వైపు చూశాడు. నేను అత్తగారినే చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఆవిడ ఈ మాట చెప్పడం ఇదే మొదలు. ఆ ఇంట్లో మామగారి చేతి పనితనం గురించి నేను వినని పండగ లేదు, పబ్బం లేదు. దారం సూదిలోకి వెళ్ళలేదు. రెండుసార్లు తడిచేసి ప్రయత్నించి, దుప్పటి పక్కన పడేసి, “కాలర్లు కుట్టడం ఆయనకు రానేరాదు” అంది ఎవరితోనో అన్నట్టు. ఆయన “ఇప్పుడవన్నీ ఎందుకమ్మా” అన్నాడు.

భోజనాల దగ్గర అంతా సర్దుకుపోయిందనుకున్నాడేమో, కంచం ముందు కూర్చుంటూ ఫోన్ తీశాడు. “పొద్దున ఇంకో మెయిలొచ్చింది. ఆ తెర నల్లబడేదాన్లో ఒకసారి కాకుండా రెండుసార్లు ఎందుకాగుతున్నారు అని అడుగుతున్నారు. ఇది చెప్తే ఆ భాగమంతా నా చేతికే ఇస్తారట, దానికి నేనే బాధ్యుణ్ణి. రేపటికల్లా చెప్పాలి. ఒక్కసారి చూడవూ?”

పొద్దుటినుంచి నాకు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఈ ‘చూడవూ’ ఒక ఎత్తు. అన్నీ తెలిసిపోయాక కూడా అడుగుతున్నాడు! నేను చెప్తాననే నమ్మకంతో అడుగుతున్నాడు. నా చేతిలో కూర గిన్నె ఉంది. ఆయన కంచంలో వడ్డించబోయి, దాన్ని బల్ల మధ్యలో పెట్టేశాను.

“అడిగింది మిమ్మల్ని కదండీ. మీరే చెప్పండి” అన్నాను.

“జోకులొద్దు. టైం లేదు.”

“నాకూ లేదు. ఫారం నింపాలి.”

ఆయన నా మొహం చూశాడు. ఈసారి తడబడ్డాడు. “రెండుసార్లు ఎందుకాగుతుందే?” అన్నాడు, చిన్న గొంతుతో. అత్తగారు తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ, “నాకో గరిటె కూర వెయ్యరా, అది అందట్లేదు” అంది. ఆవిడ కడుపున పుట్టిన ఇన్నేళ్ళలో మొదటిసారి మా ఆయన గరిటె పట్టుకున్నాడు. నేను నా కంచం తీసుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని తిన్నాను.

మర్నాడు, శుక్రవారం పొద్దున, ముసలాయన్ని తెరిచాను. పేరు మార్చడానికి ఒకే ఒక్క వరుస కొట్టాలి. పెళ్ళికి ముందు కాలేజీ సర్టిఫికెట్లలో ఉన్న నా పేరు, నా మెయిల్ అడ్రసు. రెప్పపాటు కూడా పట్టలేదు. మూడేళ్ళకు రెప్పపాటు. మిషన్ కనీసం నిజమేనా అని కూడా అడగలేదు, సరేనంది. తర్వాత ప్రాజెక్టు పెద్దాయనకు ఉత్తరం రాశాను. రెండుసార్లు ఎందుకాగాలో, మొదటి ఆగడం కరెంటు కోసమని, రెండోది తెర తానెవరో చెప్పుకోవడానికని, మొదట ఒకసారే ఆగి నేనెలా దెబ్బతిన్నానో వివరించి, ఆ చెడిపోయిన ప్రయత్నాలన్నీ తేదీలతో సహా జతచేసి పంపాను. ఆ చిత్తుకాగితాలు చేసినవాళ్ళ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండవు. నమ్ముతారో లేదో తెలియదు. నమ్మకపోతే మళ్ళీ రాస్తాను.

ఆయన ఆఫీసుకు వెళ్తూ గుమ్మంలో ఆగి, “ఆ లైట్లు మెరిసేదే రాశావుగా?” అన్నాడు. అలవాటు అంత తొందరగా పోదు. నేను ఫారం తెరిచాను. మోడల్ గడిలో, గుట్టు విప్పి చెప్పిన కంపెనీ చిప్ ఉన్న, బూడిదరంగు, ఏ మెరుపూ లేని లాప్‌టాప్ పేరు రాశాను. కాపీలు మేనేజరుకు, ఆఫీసులో అందరికీ, ఆ ప్రాజెక్టుకు, మా ఆయనకు పెట్టాను. కారణం రాయవలసిన గడిలో ఇలా రాశాను:

“ఈ చిప్ లైనక్స్‌లో బాగా పనిచేస్తుంది. మూత తీస్తే తెర నల్లబడదు. ఈ సంగతి నాకు మావారు చెప్పలేదు. దాన్ని పనిచేసేలా చేసింది నేనే.”